హైదరాబాద్‌లో తయారైన జబాన్: జె షార్ప్ కిస్సా

విశాఖ జాలరిపేటలో గంప మీద గోనె కప్పి ఉంటే లోపల వంజరమో కానాగంతలో మూత తీస్తేగానీ తెలీదు. 1995లో వచ్చిన జావా హాల్ కూడా ఇదే.

ఇంటర్‌ఫేస్ దాంట్లో మొదట్నుంచీ ఉంది. అదొక ముఆహదా: ఫలానా పనులు చేస్తానని టైపు ఇచ్చే వాదా, ఎలా చేస్తుందో దాని మర్జీ. కానీ గంపలో ఏది వేసినా ‘ఆబ్జెక్ట్’ అయిపోయేది. తీసేటప్పుడు అసలు పేరు మనమే చెప్పాలి, తప్పు చెప్తే ప్రోగ్రామ్ నడుస్తుండగానే కూలేది. గంపకే ‘వంజరం మాత్రమే’ అని చీటీ కట్టే ఇంతెజామ్ పేరు జెనరిక్స్. జావాకు 2004లో, సి షార్ప్‌కు 2005లో వచ్చింది. రెండూ కలిస్తేనే మజా: ‘తూకానికి వచ్చేదేదైనా సరే’ అని షర్తు పెట్టొచ్చు. జావా మాత్రం కంపైల్ అయ్యాక చీటీ చింపేస్తుంది, సి షార్ప్ దాచుకుంటుంది. నా ఓటు సి షార్ప్‌కే.

ఇక మన హిస్సా. సన్ కంపెనీతో జావా ముఖద్దమా 2001లో రాజీ అయింది. జావా తెలిసినవాళ్లను డాట్‌నెట్ వైపు పిలవడానికి మైక్రోసాఫ్ట్ తెచ్చిన జె షార్ప్‌ను తయారుచేసింది హైదరాబాద్ సెంటరే. 2002లో బయటికొచ్చింది. లైబ్రరీ మాత్రం జావా 1.1 నాటిదే. 2005 ఎడిషన్‌లో వేరే జబాన్‌లో రాసిన జెనరిక్ టైపుల్ని వాడే ఇజాజత్ దొరికింది, సొంతంగా రాసేది దొరకలేదు. పక్కింటి దేగ్‌లో వండుకోవచ్చు, మన పొయ్యి మీద దేగ్ పెట్టకూడదన్నమాట! ఇక కొత్త వెర్షన్ ఉండదని 2007 జనవరిలో ఎలాన్ వచ్చింది. విజువల్ స్టూడియో 2008లో జె షార్ప్ లేదు.