బ్యాంకుల పేరిట మోసపు ఫోన్లు – ఖాతాదారులు తీసుకోవలసిన జాగ్రత్తలు

బ్యాంకింగ్ సేవలు సెల్‌ఫోన్‌లోకి చేరడంతో ఖాతాదారులకు ఎంత సౌకర్యం కలిగిందో, మోసగాళ్ళకు అంత అవకాశం లభించింది. వారు బ్యాంకు తాళాలు పగులగొట్టడం లేదు. బ్యాంకు అధికారులుగా నటించి, ఖాతాదారుని చేతనే తాళం తీయిస్తున్నారు. చదువుకున్నవారు, ఉద్యోగులు, పెన్షనర్లు కూడా ఈ వలలో చిక్కుకుంటున్నారు. ఈ దృష్ట్యా మోసం జరిగే తీరును, జరిగిన వెంటనే చేయవలసిన పనులను ప్రతి ఖాతాదారుడు తెలిసికొని ఉండడం ఎంతైనా అవసరం.

మోసం జరిగే తీరు

"కె.వై.సి. గడువు ముగిసింది, ఈ సాయంత్రానికి ఖాతా నిలిచిపోతుంది", "మీ కార్డు బ్లాకయింది", "రివార్డు పాయింట్లు ఈ రోజే రద్దవుతాయి" అంటూ సాధారణంగా ఫోన్ లేదా సందేశం వస్తుంది. పెన్షనర్లకైతే లైఫ్ సర్టిఫికెట్ నమోదు చేస్తామంటారు. మాట ఏదైనా, భయపెట్టి తొందరపెట్టడమే వీటన్నిటి ఉద్దేశ్యం. ఖాతాదారుని పేరు, కార్డు చివరి అంకెలు ముందే చెప్పి నమ్మకం కలిగించడం కూడా ఇందులో భాగమే.

అటుపిమ్మట ఓ.టి.పి. చెప్పమనడమో, లింకు తెరవమనడమో, స్క్రీన్ షేరింగ్ యాప్ పెట్టుకోమనడమో జరుగుతుంది. బ్యాంకు పేరు, చిహ్నం గల ఎ.పి.కె. ఫైలును వాట్సాప్ ద్వారా పంపడం మరొక పద్ధతి. దానిని ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసి, అది కోరిన అనుమతులు ఇస్తే, ఫోన్‌కు వచ్చే సందేశాలు మోసగాళ్ళకు చేరతాయి. అప్పుడు ఓ.టి.పి.ని అడగవలసిన పని కూడా వారికి ఉండదు. ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబర్ల కోసం వెదికేవారికి నకిలీ నంబర్లు దొరికేటట్లు చేయడం ఇంకొక ఎత్తుగడ.

పోలీసు, సి.బి.ఐ. అధికారులమంటూ వీడియో కాల్‌లో "డిజిటల్ అరెస్టు" చేసినట్లు బెదిరించడం కూడా ఈ కోవలోనిదే. చట్టంలో అటువంటి అరెస్టు లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబర్ 27న "మన్ కీ బాత్" ప్రసంగంలో స్పష్టం చేశారు.

పాటించవలసిన జాగ్రత్తలు

* ఓ.టి.పి., పిన్, పాస్‌వర్డ్, కార్డు వెనుక ఉండే సి.వి.వి. సంఖ్యలను ఏ బ్యాంకూ ఫోన్‌లో అడగదు. అడిగినవారు ఎవరైనా వెంటనే ఫోన్ పెట్టివేయాలి.
* సందేహం కలిగినప్పుడు కార్డు వెనుక లేదా పాస్‌బుక్‌పై ఉన్న నంబరుకు ఖాతాదారుడే ఫోన్ చేయాలి. వీలుంటే శాఖకు వెళ్ళి విచారించాలి.
* సొమ్ము పంపేందుకే యు.పి.ఐ. పిన్ అవసరం. సొమ్ము రావడానికి పిన్ కొట్టనక్కరలేదు.
* సేవలకు, లావాదేవీలకు సంబంధించిన ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లను, ప్రచారానికి 140తో మొదలయ్యే నంబర్లను వాడాలని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మామూలు పది అంకెల సెల్ నంబరు నుండి "బ్యాంకు అధికారి" మాట్లాడితే అనుమానించవలసిందే.
* బ్యాంకులు తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబర్ 31లోగా "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" చిరునామాకు మార్చాలని కూడా రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. వెబ్‌సైటు తెరిచినప్పుడు చిరునామా చివరి భాగాన్ని పరిశీలించాలి.

మోసపోయిన వెంటనే

కాజేసిన సొమ్ము నిమిషాల వ్యవధిలోనే ఇతరుల పేరిట తెరిచిన పలు ఖాతాలకు బదిలీ అవుతుంది. అందువలన ఆలస్యం లేకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. 2021లో కేంద్ర హోం శాఖ నెలకొల్పిన వ్యవస్థ ద్వారా ఈ ఫిర్యాదు సంబంధిత బ్యాంకులకు చేరి, ఇంకా ఖాతాలు దాటని సొమ్మును నిలిపివేయడానికి వీలవుతుంది. ఖాతాదారుడు తన బ్యాంకుకు కూడా విడిగా తెలియజేసి, ఫిర్యాదు సంఖ్యను భద్రపరచుకోవాలి.

బ్యాంకుకు తెలియజేయడంలో మరొక ప్రయోజనం ఉంది. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు వాణిజ్య బ్యాంకులకు జారీ చేసిన ఉత్తర్వుల ప్రకారం, ఖాతాదారుడే రహస్య వివరాలు వెల్లడించిన పక్షంలో, బ్యాంకుకు తెలియజేసేంత వరకు జరిగిన నష్టాన్ని అతడే భరించాలి. తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదే. ఇరువురి లోపమూ లేకుండా వేరొక చోట జరిగిన ఉల్లంఘన వలన సొమ్ము పోయినట్లయితే, బ్యాంకు సమాచారం అందిన 3 పనిదినాలలోగా ఫిర్యాదు చేసినవారికి ఎట్టి నష్టమూ ఉండరాదని, 4 నుండి 7 పనిదినాల మధ్య ఫిర్యాదు చేస్తే పరిమిత బాధ్యత ఉంటుందని ఆ ఉత్తర్వులు నిర్దేశించాయి. ఖాతాదారుని బాధ్యతను నిరూపించే భారాన్ని బ్యాంకుపైనే ఉంచాయి. బ్యాంకు 30 రోజులలోగా ఫిర్యాదును పరిష్కరించనప్పుడు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

చట్టపరమైన శిక్షలు

కంప్యూటర్ లేదా ఫోన్ ద్వారా ఇతరులుగా నటించి మోసగించినవారికి సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66-డి సెక్షన్ కింద 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 319వ సెక్షన్ కింద ఇదే తరహా మోసానికి 5 సంవత్సరాల వరకు జైలుశిక్షకు అవకాశం ఉంది.

నలుగురిలో చులకన అవుతామనే సంకోచంతో పలువురు ఫిర్యాదు చేయడానికి వెనుకాడుతున్నారు. ఆ వెనుకాడిన సమయమే సొమ్మును చేయి దాటిస్తుంది. మోసపోయినవారిని నిందించకుండా, ముందుగా 1930కి ఫోన్ చేయించడం కుటుంబ సభ్యులు, బ్యాంకు సిబ్బంది, అధికారులు చేయదగిన తొలి సహాయం. మోసాల వార్తలు ప్రచురించే ప్రతి సందర్భంలోనూ పత్రికలు ఈ నంబరును జతపరచినట్లయితే, మరెందరికో సకాలంలో మేలు చేకూరుతుంది.