కోనసముద్రపు ఉక్కు

తోట్లవల్లూరు మొదలుగా కృష్ణాతీరమునందలి పల్లెలను ఎరిగినవారికి గ్రామమనగానే పొలము, కాలువ, కళ్లము స్ఫురించును. పరిశ్రమ పట్టణమునకును, పంట పల్లెకును చెందినవను విభజన మన చరిత్రరచనలో సైతము పాతుకొనిపోయినది. 17వ శతాబ్దమున మచిలీపట్నపు రేవునుండి ఓడలకెక్కిన సరకులను పరిశీలించినచో ఈ విభజన నిలువదు. అద్దకపు వస్త్రములతోపాటు వానిలో ఇనుమును, ఉక్కును ఉండెడివి. డెల్టా ఒండ్రుమట్టిలో ఇనుపరాయి దొరకదు. లోహము గోలకొండ రాజ్యపు లోపలి సీమలనుండి రావలసినదే. అట్టి సీమలలో ఉక్కునకు మిక్కిలి పేరుపొందిన పల్లె నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము.

మహాత్రికోణమితి సర్వేలో వైద్యుడుగాను, భూగర్భశాస్త్రజ్ఞుడుగాను పనిచేసి 1824లో మరణించిన హెన్రీ వాయిసీ ఇచ్చటి పనిని స్వయముగా చూచి వ్రాసిన వర్ణనము 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. రెండు వేర్వేరు తావుల ఇనుమును నిర్ణీతమైన పాళ్లలో మూసలకెత్తి, తిత్తులతో ఊదుచు ఒక దినము కాచెడివారు. మూసనుండి తీసిన ఉక్కుబిళ్లలకు మట్టి పూసి, సుత్తికి లొంగు మెత్తదనము వచ్చువరకు మరల మరల కాచి చల్లార్చెడివారు. ఇందు తూకమున్నది, వేళ యున్నది, పరీక్ష యున్నది. దీనిని చేతివృత్తి యని సరిపుచ్చుట న్యాయము కాదని మా అభిప్రాయము.

ఇస్ఫహానునుండి వచ్చిన హాజీ హుసేను అను వర్తకుడు అప్పుడచ్చట నుండెను. ఈ ఉక్కును తమ దేశమున చేయబూని పారసీకులు విఫలులైరని ఆతడే వాయిసీకి చెప్పెను. కొన్నవాని పేరు మనకు దక్కినది. మూసపట్టిన కమ్మరుల పేర్లు చరిత్రగ్రంథములకెక్కలేదు. ఈ జాతి ఉక్కుతో చేసిన కత్తులకు సైతము డమాస్కసు నగరపు పేరే నిలిచినది. 1795లో పియర్సను, 1819లో ఫారడే పరీక్షించిన ‘ఊట్జు’ అను లోహపు పేరు మాత్రము ‘ఉక్కు’కు వికృతియని పలువురి మతము. కన్నడమునను ఆ మాటయే కలదు కావున దానిని మన యొక్కరి సొత్తుగా చెప్పుకొనరాదు.

చౌకగా దిగుమతియైన విదేశపు లోహము ముందు మూసయుక్కు నిలువలేకపోయినది. 2010లో బెంగుళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థయు, ఎక్సెటరు విశ్వవిద్యాలయమును కలిసి ఉత్తర తెలంగాణమున జరిపిన క్షేత్రపరిశోధనలో చిట్టెపు దిబ్బలు, మూసల పెంకులు గల తావులు పెక్కు నమోదైనవి. అవి పురావస్తు పరిశోధకుల పాలివి. తిత్తి, మూస, చిట్టెము మొదలగు మాటలకు ఆ సీమ కమ్మరుల నోట మిగిలియున్న రూపములను సేకరించుట తెలుగు శాఖల పని. వృద్ధులైన కమ్మరులు ఉన్నప్పుడే అది జరుగవలెను.