కలరా చేతిలో కణం

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్ళు కాలవల వెంట ఊరూరికీ చేరాయి. పొలం తడిపే కాలవే ఊరి మంచినీళ్ళ చెరువునీ నింపేది. అదే కాలవలో బట్టలుతికేవారు, గేదెలు కడిగేవారు. ఎగువ ఊళ్ళో వాంతులూ విరేచనాలూ మొదలైతే ఆ రోగం నీళ్ళతోపాటే దిగువకు రాగలదు. జనం అమ్మవారికి జాతరలు చేశారు. పొద్దున తిరిగిన మనిషి సాయంత్రానికి కళ్ళు గుంటలు పడి ప్రాణం విడిచే ఆ కలరా, పేగులో అసలేం చేస్తుందో తెలియడానికి మరో వందేళ్ళకు పైగా పట్టింది. అది తెలియడం వెనక భీమవరంలో పుట్టిన ఒక మనిషి కృషి కూడా ఉంది.

1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో రోగుల పేగుల్లో కామా ఆకారపు క్రిమిని చూపించాడు. అది ఏదో విషం వదులుతుందని ఊహించాడు. ఆ ఊహ రుజువు కావడానికి 75 ఏళ్ళు పట్టింది. 1953లో కలకత్తాలోనే శంభునాథ్ డే కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండువైపులా కట్టి, అందులోకి క్రిములు ఎక్కించారు. ఆ భాగం నీరు పట్టి ఉబ్బింది. 1959లో క్రిములన్నిటినీ వడగట్టి, మిగిలిన ద్రవాన్ని మాత్రమే ఎక్కించారు. అప్పుడూ ఉబ్బింది. అంటే కలరా క్రిమి పేగుగోడను తొలుచుకుని లోపలికి పోనక్కరలేదు. పైన అంటిపెట్టుకుని విషం వదిలితే చాలు.

ఆ విషం కణం చేత ఏం చేయిస్తుందో అర్థం కావాలంటే, ఏ రోగమూ లేని కణం ఎలా పనిచేస్తుందో ముందు తెలియాలి. యల్లాప్రగడ సుబ్బారావు గారి పని విలువ ఇక్కడే తెలుస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన రాజమండ్రిలో కొంతకాలం చదివి, మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అన్నదమ్ముల్లో ఇద్దరు స్ప్రూ అనే పేగుజబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు. మామగారూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధీ ఆదుకోగా 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి శరీరంలోని ఫాస్ఫరసును కొలిచే పద్ధతి తయారుచేశారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు. కణం తన పనులకు ఖర్చుపెట్టే శక్తి ఈ రూపంలోనే ఉంటుందని తరవాత స్థిరపడింది.

1950ల చివర ఎర్ల్ సదర్లాండ్ అడ్రినలిన్ కబురు కాలేయకణం లోపలికి ఎలా అందుతుందో వెతుకుతూ, కణం ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువును తయారుచేస్తుందని కనుగొన్నాడు. అవసరమైనప్పుడు తయారై, పని తీరగానే ఆగిపోయే ఆదేశం అది.

ఆ తరవాతి ఏళ్ళలో ఈ దారులన్నీ కలరా దగ్గర కలిశాయి. కలరా విషంలో ఐదు ముక్కల భాగం పేగుకణం పైపొరలోని జీఎం1 అనే కొవ్వు అణువును పట్టుకుంటుంది. కణం దాన్ని తనే లోపలికి తీసుకుంటుంది. అక్కడ రెండో భాగం విడివడి, సైక్లిక్ ఏఎంపీ తయారీని నడిపించే ప్రొటీన్‌ను మార్చేస్తుంది. పొలంలో మోటారు స్విచ్చి ఆన్ దగ్గరే ఇరుక్కుపోయినట్టు, ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ ఆగకుండా తయారవుతూనే ఉంటుంది. క్లోరైడ్ కణం నుంచి బయటికి పోతుంది, దాని వెంట సోడియం, నీరు పోతాయి. కణం చావదు, గోడ చిల్లు పడదు. కణం మామూలుగా చేసే పనినే విషం దాని చేత హద్దులేకుండా చేయిస్తుంది.

పేగుజబ్బులు తెచ్చే మిగతా క్రిములూ కణాన్ని ఇలాగే వాడుకుంటాయి, వేరువేరు ఎత్తులతో. 1897లో కియోషి షిగా గుర్తించిన జిగటవిరేచనాల క్రిమి, టైఫాయిడ్ క్రిమి సూదిలాంటి నిర్మాణంతో తమ ప్రొటీన్లను కణంలోకి ఎక్కించి, తమను మింగేలా చేస్తాయి. పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే ఒక రకం ఈ.కోలై, తాను పట్టుకోవలసిన ప్రొటీన్‌ను తానే కణంలోకి పంపుతుందని 1997లో తేలింది.

కణం తీరు తెలిసినందువల్లే కలరా నుంచి రక్షణ దొరికింది. చక్కెరతో కలిస్తే ఉప్పు పేగుగోడ గుండా ఒంట్లోకి ఇంకుతుందని 1960లో రాబర్ట్ క్రేన్ చెప్పాడు. కలరా విషం ఆ దారిని చెడగొట్టదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లో శరణార్థులతో కిక్కిరిసిన బంగావ్‌లో దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళతోనే ఎందరినో బతికించారు. ఇక సుబ్బారావు 1940లో లెడర్లీ సంస్థలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడి నుంచే ఫోలిక్ ఆమ్లం కృత్రిమ తయారీ, బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ వచ్చాయి. ఆరియోమైసిన్ చేరిన టెట్రాసైక్లిన్ కుటుంబపు మందులు కలరా వ్యవధిని తగ్గించాయి. ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ కలిపి ఇవ్వడమే స్ప్రూకూ ప్రామాణిక చికిత్స అయింది. ఆయన అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బు అదే.

ఫిస్కే, సుబ్బారావు కండరాన్ని చదివారు. సదర్లాండ్ కాలేయాన్ని చదివాడు. క్రేన్ చక్కెర దారిని చదివాడు. కలరా అర్థమైందీ, లొంగిందీ ఈ చదువుల వల్లే. అందుకే ప్రయోజనం వెంటనే కనపడని విజ్ఞానానికి డబ్బూ ఓపికా పెట్టడం సమాజానికి అవసరం. ఆనాడు ఒక విద్యార్థికి కాకినాడ ధర్మనిధి ఇచ్చిన సాయం ఎంతదూరం పోతుందో ఇచ్చినవారికి తెలిసి ఉండదు. ఉభయగోదావరి కళాశాలల్లో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న నేటి పిల్లలకూ అలాంటి సాయమే కావాలి.