బొమ్మలో లేనిది

చదరంగం బల్ల మీద అరవై నాలుగు గడులు, మహా అయితే ముప్ఫై రెండు పావులు. ఏ పావు ఏ గడిలో ఉందో రాసేస్తే ఆ క్షణానికి ఆట మొత్తం చేతికి చిక్కినట్టే అనిపిస్తుంది. ఫోన్‌తో ఓ ఫోటో తీసుకున్నా సరిపోవాలి. సరిపోదు. ఎందుకన్నదానికి తర్వాత వస్తాను, ముందు గడులకి పేర్లు ఎలా వచ్చాయో చూద్దాం. ఆ కథలో ఓడిపోయినవాడొకడు ఉన్నాడు.

ఫిలిప్ స్టామా సిరియాలోని అలెప్పోవాడు. 1737లో పారిస్‌లో ఓ పుస్తకం వేశాడు. అందులో వంద ముగింపు స్థితులు, వాటి పరిష్కారాలు ఉన్నాయి. అవి రాయడానికి నిలువు వరసలకి ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరసలకి 1 నుంచి 8 దాకా అంకెలు వాడాడు. ఇవాళ మనం ‘ఈ4’ అంటున్నామే, అదే. అరబ్బీ చదరంగ రాతప్రతుల్లో ఇలాంటి పద్ధతి అంతకు చాలాముందే ఉంది కాబట్టి స్టామా దీన్ని శూన్యంలోంచి పుట్టించలేదు. యూరప్‌లో అచ్చువేసి చూపించాడు, అంతే. కానీ అది చిన్న పనేం కాదు.

1747లో లండన్‌లో ఫిలిడోర్‌తో తలపడి చిత్తుగా ఓడిపోయాడు. రెండేళ్లకి ఫిలిడోర్ తన పుస్తకం తెచ్చాడు. అందులో గడులకి అక్షరాల్లేవు, అంకెల్లేవు. రాజు ముందున్న బంటు రెండు గడులు జరుగుతుంది అన్న ధోరణిలో పూర్తి వాక్యాలున్నాయి. జనం సహజంగానే గెలిచినవాడి పుస్తకం వెంట పడ్డారు. ఎంత మంచి పద్ధతైనా దాన్ని తెచ్చినవాడు బల్ల దగ్గర ఓడిపోతే ఎవరు పట్టించుకుంటారు!

ఇంగ్లిష్‌వాళ్లు ఆ వాక్యాలనే కుదించుకుంటూ పోయారు. రాజు బంటు రాజు వరసలో నాలుగో గడికి అన్నది చివరికి ‘పి-కె4’ అయింది. ఇందులో చిక్కేమిటంటే ఎవరి లెక్క వాళ్ల వైపు నుంచి మొదలవుతుంది. తెల్లకి నాలుగో గడి, నల్లకి ఐదోది. అంటే ప్రతి గడికీ రెండు పేర్లు. ఎదురెదురు ఇళ్లవాళ్లు ఒకే కిరాణా కొట్టుకి ఒకరు ‘మా కుడివైపు’ అనీ ఇంకొకరు ‘మా ఎడమవైపు’ అనీ దారి చెప్పినట్టు. ప్రోగ్రాం రాసేవాణ్ణి కాబట్టి నాకిది చికాకు పుట్టించాలి. నిజం చెప్పాలంటే కాస్త ప్రేమే ఉంది. స్టామా పద్ధతిలో మాట్లాడేది బల్ల. ఇక్కడ మాట్లాడేది కుర్చీలో కూర్చున్న మనిషి: నా రాజు, నా నాలుగో గడి.

కానీ ఎదుటి మనిషి కళ్లముందు లేనప్పుడు? 1828 ప్రాంతంలో మద్రాసు, హైదరాబాదు ఆటగాళ్లు ఉత్తరాల మీద ఆడారు. మద్రాసు వైపు ఆడిన గులాం కాసిం, జేమ్స్ కోక్రేన్ అనే సివిల్ సర్వీస్ అధికారితో కలిసి 1829లో మద్రాసులోనే మ్యూజియో గాంబిట్ మీద పుస్తకం కూడా వేశాడు. రైళ్లు లేని కాలం. ఉత్తరం చేరి జవాబు రావడానికి రోజులకి రోజులు. అలాంటి ఆటలో ‘నాలుగో గడి’ అన్నది ఎవరి వైపు నుంచో తేడా పడితే మళ్లీ ఉత్తరం రాసి అడగాల్సిందే. అక్కడ రాత అంటే ఆట గురించిన రాత కాదు, ఆటే అది.

మిగతా కథ త్వరగా చెప్పేయొచ్చు. జర్మన్లు 19వ శతాబ్దంలో స్టామా పద్ధతినే సాపుచేసి నిలబెట్టారు. ఇంగ్లిష్ ప్రపంచం మాత్రం మొండికేసింది. బాబీ ఫిషర్ 1969లో వేసిన తన అరవై ఆటల పుస్తకం కూడా పాత పద్ధతిలోనే ఉంది. చివరికి 1981లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే పాతదాన్ని గుర్తించడం మానేసింది. అలెప్పో మనిషి గెలవడానికి రెండు వందల నలభై నాలుగేళ్లు పట్టింది.

ఇదంతా ఎత్తులు రాసే సంగతి. స్థితిని రాయడం వేరే కథ. 19వ శతాబ్దపు స్కాట్లాండ్ పత్రికారచయిత డేవిడ్ ఫోర్సైత్ దీనికో ఉపాయం కనిపెట్టాడు. పై వరస నుంచి మొదలుపెట్టి ఎడమ నుంచి కుడికి పావుల అక్షరాలు రాసుకుంటూ పోవడం, ఖాళీ గడులుంటే వాటి సంఖ్య వేయడం. తెల్లవి పెద్దక్షరాలు, నల్లవి చిన్నక్షరాలు. పెద్దా చిన్నా తేడా లేని మన లిపిలో ఇది కుదరదు. అయితేనేం, మనకి గుణింతం ఉంది. ఎనిమిది హల్లులు నిలువు వరసలకి, ఎనిమిది అచ్చులు అడ్డ వరసలకి పెట్టుకుంటే ఒక్కో గడీ ఒక్కో అక్షరమైపోతుంది! చదరంగం గడుల్లో అక్షరాలు పరచడం మన ఆలంకారికులకి కొత్తేం కాదు. 9వ శతాబ్దపు రుద్రటుడి కావ్యాలంకారంలో తురగపద బంధం ఉంది. వరసగా చదివినా, గుర్రం దూకే దారిలో చదివినా అదే శ్లోకం వస్తుంది.

ఫోర్సైత్ పద్ధతిని 1990ల్లో స్టీవెన్ ఎడ్వర్డ్స్ కంప్యూటర్ల కోసం పొడిగించాడు. దాని పేరు ఫెన్. అతను చేర్చినవి చూస్తే ఫోటో ఎందుకు చాలదో తెలుస్తుంది. ఇప్పుడు ఎత్తు ఎవరిది? క్యాస్లింగ్ హక్కు ఎవరికి మిగిలింది? రాజు ఒక్కసారి కదిలి మళ్లీ తన గడికే వచ్చి కూర్చున్నా ఆ హక్కు పోతుంది, బొమ్మ మాత్రం ఏమీ జరగనట్టే ఉంటుంది. బంటు ఇప్పుడే రెండు గడులు దూకిందా? దూకితే పక్క బంటుకి దాన్ని దారిలోనే కొట్టే అవకాశం ఈ ఒక్క ఎత్తు వరకే. బంటు కదలకుండా, పావు పోకుండా ఎన్ని ఎత్తులైంది? యాభై దాటితే డ్రా అడగొచ్చు. ఇవన్నీ గతం. కొంచెం గతాన్ని మడిచి వర్తమానం చివర అంటించాడన్నమాట.

అయినా కొంత మిగిలిపోతుంది. ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా అడగొచ్చన్న నియమం ఉంది కదా, ఇది ఎన్నోసారో ఫెన్‌కి తెలీదు. 1986లో నెదర్లాండ్స్‌లోని టిల్బర్గ్‌లో కార్పోవ్, ఇంగ్లండ్ ఆటగాడు టోనీ మైల్స్ ఆడుతున్నారు. పావులు మూడుసార్లు అచ్చంగా ఒకేలా నిలిచాయి. కార్పోవ్ డ్రా అన్నాడు. పరిశీలిస్తే మొదటిసారి క్యాస్లింగ్ హక్కులు వేరు. కాబట్టి కళ్లకి ఒకటే అయినా నియమం ప్రకారం అది వేరే స్థితి, లెక్కలోకి రాదు. అప్పటికి కార్పోవ్ గడియారంలో టైమ్ దాదాపు అయిపోవచ్చింది. అయినా మైల్స్ డ్రాకి ఒప్పుకున్నాడు కాబట్టి బతికిపోయాడు.

ఇలాంటి తగువు తేల్చడానికి ఎదురుగా ఉన్న బల్ల పనికిరాదు. ఆటగాళ్లు రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని, మొదటి ఎత్తు నుంచి మళ్లీ ఆడుకుంటూ రావాలి.