వర్ధనశక్తి కాదు, వెలుగు: సూక్ష్మదర్శిని చరిత్రలో కాంట్రాస్ట్ పాత్ర

ప్రవేశిక

సూక్ష్మదర్శిని చరిత్రను సాధారణంగా కటకాల చరిత్రగా, వర్ధనశక్తి పెరుగుతూ వచ్చిన క్రమంగా రాస్తారు. అయితే ఒక వస్తువును ఎన్ని రెట్లు పెద్దది చేసినా, పరిసరాలతో వెలుగులోనో రంగులోనో తేడా లేకపోతే అది కంటికి ఆనదు. ఈ తేడాయే కాంట్రాస్ట్. 1870ల నుంచి 1950ల వరకు జరిగిన కొన్ని ముఖ్య ఆవిష్కరణలకు వర్ధనశక్తి కంటే కాంట్రాస్టే నిర్ణాయకమైందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

అబే, కోచ్: డయాఫ్రమ్ తెరవడం, మూయడం

1873లో జర్మన్ భౌతికశాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబే ప్రతిబింబం ఏర్పడటంలో కాంతి వివర్తనం పాత్రను వివరించాడు. నమూనా వద్ద వివర్తనం చెందిన కిరణాలను వస్తుకటకం ఎంత విశాలమైన కోణంలో అందుకుంటే అంత సూక్ష్మమైన వివరాలు విడివిడిగా కనిపిస్తాయి. కండెన్సర్ డయాఫ్రమ్‌ను మూస్తే కాంట్రాస్ట్ పెరిగి సూక్ష్మవివరం తగ్గుతుంది. అతిగా మూస్తే అంచుల చుట్టూ ఏర్పడే వివర్తన వలయాలు లేని నిర్మాణాన్ని ఉన్నట్లు భ్రమింపజేస్తాయి.

గాయాల ద్వారా సోకే వ్యాధులపై 1878లో వెలువరించిన గ్రంథంలో రాబర్ట్ కోచ్ ఇందుకు విపరీతమైన మార్గం పట్టాడు. అబే కండెన్సర్‌ను పూర్తిగా తెరిచాడు. వక్రీభవన భేదం వల్ల కనిపించే కణజాల రేఖలు ఆ వెలుగులో కరిగిపోయి, రంగు పట్టిన బాక్టీరియాలు మాత్రమే మిగిలాయి. ఏది కనిపించకూడదో నిర్ణయించడమూ పరిశీలనలో భాగమని ఇది చూపింది.

కోలర్: సమకాంతి

ఆనాటి దీపజ్వాలలు అంతటా ఒకే తీరున వెలిగేవి కావు. దీపం ప్రతిబింబాన్ని నేరుగా నమూనాపై పడనిస్తే ఆ హెచ్చుతగ్గులన్నీ ఛాయాచిత్రంలో కనిపించేవి. 1893లో ఆగస్ట్ కోలర్ దీపం ప్రతిబింబాన్ని కండెన్సర్ డయాఫ్రమ్ తలంలోనూ, దీపం ముందున్న క్షేత్ర డయాఫ్రమ్ ప్రతిబింబాన్ని నమూనా తలంలోనూ ఏర్పడేట్లు అమర్చాడు. క్షేత్రమంతా సమంగా వెలిగింది. అంతకంటే ముఖ్యంగా, వెలుగు పడే మేరనూ కాంట్రాస్ట్‌నూ వేర్వేరుగా అదుపు చేయడం సాధ్యమైంది.

సికింద్రాబాద్, 1897

ఇదే కాలంలో సికింద్రాబాద్‌లోని బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమలను కోసి పరీక్షిస్తున్నాడు. కోసిన దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వాడలేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయనీ, మిగిలిన ఒక్క అక్షికటకమూ పగిలిందనీ తరువాత రాసుకున్నాడు. 1897 ఆగస్టు 20న ఒక దోమ జీర్ణాశయ గోడలో సుమారు 12 మైక్రాన్ల వ్యాసంగల గుండ్రని కణాలు కనిపించాయి. అవి దోమ సొంత కణాలు కావని నిర్ధారించడానికి ఆధారం వాటిలోని నల్లని వర్ణక రేణువులు. 1880లో అల్జీరియాలో లావరాన్ మలేరియా రోగుల రక్తంలో పరాన్నజీవిని గుర్తించినపుడు చూసిన వర్ణకమూ అదే. పరాన్నజీవి హీమోగ్లోబిన్‌ను జీర్ణించుకోగా మిగిలే ఈ వర్ణకం, రంజనం అవసరం లేకుండానే సహజమైన కాంట్రాస్ట్‌ను సమకూర్చింది.

జెర్నికె: కనిపించని తేడా

అటువంటి వర్ణకం లేని సజీవకణం దాదాపు పారదర్శకం. అది కాంతి తీవ్రతను మార్చదు, తరంగదశను మారుస్తుంది. దశాభేదాన్ని కన్ను గుర్తించలేదు. రంజనం చేయాలంటే చాలావరకు కణాన్ని చంపవలసి వచ్చేది. వివర్తన జాలకాలపై పనిచేసిన డచ్ శాస్త్రవేత్త ఫ్రిట్స్ జెర్నికె, నమూనా గుండా నేరుగా వచ్చే కాంతి దశను నాలుగోవంతు తరంగం మేర జరిపి, దాని తీవ్రతను తగ్గించాడు. అది వివర్తిత కాంతితో వ్యతికరణం చెందినపుడు దశాభేదం వెలుగునీడల భేదంగా మారింది. 1932లో యేనాలోని జైస్ సంస్థకు ఈ పద్ధతిని చూపినపుడు తగిన ఆదరణ లభించలేదు. 1953లో ఇదే కృషికి భౌతికశాస్త్ర నోబెల్ లభించింది. విభజన చెందుతున్న సజీవకణాన్ని చంపకుండా చూడటం ఈ పద్ధతితో సులభమైంది.

ముగింపు

కోచ్ రంజనం చేశాడు. రాస్‌కు పరాన్నజీవి వర్ణకమే తోడ్పడింది. జెర్నికె కాంతినే మార్చాడు. ముగ్గురి విషయంలోనూ కీలకమైనది కాంట్రాస్టే. నేటి కళాశాల ప్రయోగశాలకూ ఈ చరిత్ర వర్తిస్తుంది. వెలుగు ఎక్కువైతే తగ్గించవలసింది దీపం తీవ్రతను. కండెన్సర్ డయాఫ్రమ్‌ను కాదు. అక్షికటకాన్ని తీసి గొట్టంలోకి చూస్తూ, వెలిగే వృత్తంలో మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతుల వరకు డయాఫ్రమ్‌ను తెరిచి ఉంచడం సాధారణ నియమం. విద్యార్థి ప్రయోగ పుస్తకంలో బొమ్మ పక్కన వర్ధనశక్తిని మాత్రమే నమోదు చేస్తే ఆ పరిశీలన సగమే నమోదైనట్లు. ఏ వెలుగులో చూశాడో కూడా రాసినపుడే, గీసినది కణ నిర్మాణమా, వివర్తన వలయమా అని మరొకరు సరిచూడగలరు.