కొసరు చరిత్ర



అసలుకంటె కొసరు ముద్దని మనవారి సామెత. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప మన డెల్టా కాలువలలో పడవలు నడచినవి, ధాన్యపు బేరములు పెరిగినవి. కుంచము కొలిచిన మీదట దోసెడు గింజలు, కూరలతోపాటు కరివేపాకు రెమ్మ కొసరుగా అడుగుట మనకు వాడుకయే. ఆ కొసరునకు లెక్క లేదు, గడువు లేదు. కన్నుల యెదుటనే ఒడిలో పడును.

కొసరును పద్దున కెక్కించి దాచిన వారిలో ప్రసిద్ధులు ఇంగ్లండు దేశమున రాచ్‌డేల్ పట్టణపు కార్మికులు. వారిలో నేతపనివారు పలువురు. 1844 డిసెంబరు 21వ తేదీన 28 పౌనుల మూలధనముతో చిన్న అంగడి తెరచిరి. సరకును బజారు ధరకే అమ్మి, మిగిలిన లాభమును ఎవరెంత కొనిరో ఆ దామాషాలో పంచిరి. తమ వంతును కొందరు రొక్కముగా తీసికొనిరి. కొందరు సంఘమునందే నిలువయుంచి వడ్డీ పొందిరి. కొన్నియేండ్లకు లాభమున నూటికి రెండున్నర వంతు విద్యకై కేటాయించిరి. కొసరును ఎట్లు వినియోగింపవలయునో కొన్నవారే సభ చేసి నిర్ణయించుకొనిరి. ఇది గమనింపదగిన విషయము.

ఆ పద్ధతి ననుసరించి 1904లో మద్రాసున తిరువల్లిక్కేణి సహకార భాండారము వెలసినది. 1912 నాటి సహకార చట్టము మన గోదావరి మండలపు సంఘములకును వర్తించెను. దాని ప్రకారము నికరలాభమున నాల్గవ వంతు రిజర్వు నిధికి చేరవలసియుండెను. మిగిలినదానిలో నూటికి 10 వంతులకు మించకుండ విద్య, వైద్యము మొదలగు ధర్మకార్యముల కిచ్చుటకు వీలుండెను.

వర్తకుల కొసరు వేరుదారి పట్టినది. 1896లో అమెరికాలో స్పెర్రీ, హచిన్‌సన్ అనువారు స్టాంపుల వ్యాపారము మొదలిడిరి. అంగడిలో ఇచ్చిన స్టాంపులను పుస్తకమున నంటించి, అది నిండిన పిదప గృహోపకరణములు పొందుచుండిరి. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అను విమాన సంస్థ ప్రయాణించిన మైళ్లను లెక్కగట్టి ఉచిత ప్రయాణము లిచ్చుట ప్రారంభించెను. నేడు రాజమహేంద్రవరపు అంగళ్లలోను, బ్యాంకు కార్డులమీదను వచ్చు పాయింట్లు ఈ వంశమునకు చెందినవే.

రాచ్‌డేలునకును దీనికిని భేదమేమి? పద్దు పుస్తకము వర్తకుని చేతిలో నున్నది. పాయింటు విలువయు, గడువును అతడే నిర్ణయించును. కావున దీనిని ధనమువలె కూడబెట్టరాదు. పండిన పండువలె వేళకు వాడుకొనవలయును.

ఒక లెక్క చూతము. ఇంట 500 పాయింట్లున్నవి, పాయింటు విలువ పావలా యనుకొందము. మొత్తము 125 రూపాయలు. వీనిని నెలసరి పప్పులకు, నూనెకు చెల్లించినచో 125 రూపాయలును మిగులును. వీని నాశ్రయించి అక్కరలేని 1,000 రూపాయల వస్తువు కొన్నచో 875 రూపాయలు చేతినుండి పోవును. మొదట పాయింటును రూపాయలలోనికి మార్చి చూచుకొన్నవాడు మోసపోడు.

మరియొక హెచ్చరిక. పాయింట్లకు నేడే గడువు తీరునని ఫోనునకు సందేశము పంపి, ఓటీపీ అడుగు వంచకులు నేడు బయలుదేరినారు. కొసరుకై తొందరపడి దానిని చెప్పినవారికి బ్యాంకులోని అసలే పోవును. అట్టి సందేశము వచ్చినచో జవాబీయక, మీ పాసు పుస్తకముతో స్వయముగ బ్యాంకునకు పోయి విచారింపుడు.

కొసరు ముద్దే. అయినను అసలును కాపాడుకొన్న యింటనే దానికి ముచ్చట.