ఊపిరితిత్తుల వాయు పరిమాణాలు

ఊపిరితిత్తుల వాయు పరిమాణాలు అనగా శ్వాసక్రియలోని వివిధ దశలలో ఊపిరితిత్తులలో ఉండే గాలి కొలతలు. విశ్రాంతిలో ఒక్కో శ్వాసకు లోపలికి వెళ్ళి వచ్చే గాలి సుమారు 500 మి.లీ. దీనిని టైడల్ పరిమాణం అంటారు. గుండెలనిండా పీల్చి, వీలైనంత వదిలితే వెలువడేది వైటల్ కెపాసిటీ. పురుషులలో ఇది సాధారణంగా 4 నుండి 5 లీటర్లు. దీనిని స్పైరోమీటరుతో కొలుస్తారు. ఎంత ఊదినా లోపల మరో 1.2 లీటర్లు మిగులుతుంది. ఆ శేష వాయువు స్పైరోమీటరుకు అందదు.

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో సింగరేణి బొగ్గు గనులు ఉన్నాయి. ఏళ్ళ తరబడి బొగ్గు ధూళి పీల్చిన కార్మికులకు న్యూమోకోనియోసిస్ రావచ్చు. అది ముదిరితే ఊపిరితిత్తులు గట్టిపడి వైటల్ కెపాసిటీ తగ్గుతుంది. పిల్లికూతలు శ్వాసనాళాలు ఇరుకైనాయని, చిటపట శబ్దాలు చాలాసార్లు వాయుగోళాలలో ద్రవం చేరిందని తెలుపుతాయి. అయితే ఈ వ్యాధి తొలిదశలో స్టెతస్కోపుకు ఏమీ వినిపించకపోవచ్చు. అందుచేత దగ్గు, ఆయాసం లేకున్నా ఎక్స్‌రే తీయించవలెను. గట్టిపడిన భాగం తిరిగి మామూలు స్థితికి రాదు.